అరవై ఒకటో వరసలో ఓదెలుగారు

త్రినాథరావుగారు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతికే మనిషి. ఏ ప్రోగ్రాం అడిగినా రాసిచ్చేవారు. ఒక్క పని మాత్రం ఆయన చేత చేయించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఎక్సెల్ షీటులోంచి ఒక వరస తీసెయ్యమంటే ఆయనకి ముచ్చెమటలు పట్టేవి. ఎందుకంటే ఆయన లెక్కలో అది వరస కాదు, మనిషి. వట్టి మనిషి కూడా కాదు, మనిషిగారు.

ఇది 2007 నాటి మాట. హైటెక్ సిటీలో వారానికొక అద్దాల మేడ లేస్తోంది. నాతో చదివినవాళ్ళంతా మెడలో కార్డులు వేసుకుని కంపెనీ బస్సులెక్కి అటు పోతుంటే, నేను మధురానగర్ నుంచి షేరాటోలో ఇరుక్కుని ఫిల్మ్‌నగర్ వచ్చేదాన్ని. నా మార్కులకి దొరికిన ఉద్యోగం అదే. మొత్తం ఐదుగురం. ఒక డబ్బింగ్ థియేటర్ పైన రెండు గదులు. కింద థియేటర్ తలుపు సరిగ్గా పడేది కాదు. దాంతో రోజూ మా కాళ్ళ కింద ఎవరో ఒకరు చచ్చిపోతుండేవాళ్ళు. "నన్నొదిలి వెళ్ళిపోయావా నాన్నా!" అని ఒకావిడ పద్నాలుగుసార్లు ఏడ్చేది. పదిహేనోసారి, "మేడం, ఇంకొంచెం తడి కావాలి," అని ఎవరో మగగొంతు వినిపించేది. ఆ ఏడుపుల మధ్య, వానకి కారే గోడ పక్కన కూర్చుని, మేము సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్ళం.

మా పెద్ద కస్టమరు విశాలాక్షిగారు. సినిమాలకి జూనియర్ ఆర్టిస్టులని పంపించే ఆఫీసు ఆవిడది. పెళ్ళి సీనుకి చుట్టాలు, కోర్టు సీనుకి జనం, శవం చుట్టూ ఏడ్చేవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గర్నుంచే వెళ్ళాలి. పద్దెనిమిది వందల పైచిలుకు పేర్లు ఒక ఎక్సెల్ షీటులో ఉండేవి. రేపటికి ఎలాంటివాళ్ళు ఎంతమంది కావాలో ఆవిడ చెబితే, మా ప్రోగ్రాం ఆ షీటు పైనుంచి కిందికి చదివి, తగినవాళ్ళని ఏరి, వాళ్ళ సెల్‌ఫోన్లకి మెసేజీ పంపించేది. షీటుని తెరవడానికి, వరసలు కలపడానికి, తీయడానికి జావాలో ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్ళు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, వాడేవాళ్ళం. ఆ లైబ్రరీతో వేగడం త్రినాథరావుగారి పని. ఆయనకి సాయం చేయడం నా పని.

నేను చేరిన మొదటి రోజే ఆయన చేతిలో పడ్డాను.

"సార్, నలభై ఏడో రో చదువుతలేదు," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నలభై ఏడు ఏంటమ్మా? ఆవిడకి పేరు లేదూ?"

చూసి చెప్పాను. "శ్యామలాదేవి."

"గారు."

"శ్యామలాదేవిగారు చదువుతలేరు."

"ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఆవిడకి ఏమైంది?"

ఆవిడకి ఏమీ కాలేదు. ఆవిడ ఫోన్ నెంబరుని ఎవరో అంకెగా కాకుండా అక్షరాలుగా కొట్టారు. అరనిమిషంలో సరిచేశాను. "ఇప్పుడు ఎలా ఉన్నారు?" అని అడిగారు త్రినాథరావుగారు. "మంచిగున్నరు," అన్నాను. ఇలాంటి ఆఫీసులో ఎన్నాళ్ళుంటానోనని ఆ సాయంత్రం షేరాటోలో ఏడుపొచ్చింది.

రెండో వారంలో నేను మొదటిసారి సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాను. షీటులో రెండేసిసార్లు పడిన పేర్లని వెతికి తీసెయ్యాలి. నడిపితే సగం పోతున్నాయి, సగం ఉంటున్నాయి. రెండు రోజులు కుస్తీ పట్టాను. మూడో రోజు త్రినాథరావుగారు లేచి, ఆఫీసులో అందర్నీ గోడవారగా వరసలో నిలబెట్టారు. మా ఓనరు కమలాకర్‌ని కూడా.

"నేను మీ లూపునండీ, వరసలో ఒక్కొక్కర్నీ చూసుకుంటూ పోతాను," అని ప్రకటించి, వరసలో మొదట ఉన్న కమలాకర్ భుజం తట్టారు. "మీరు బయటికి రండి. మిగతావాళ్ళు ఒక అడుగు ముందుకి."

జరిగాం. ఇప్పుడు మొదటి చోట్లో నేనున్నాను. ఆయన నన్ను దాటి రెండో చోటికి వెళ్ళి అక్కడున్నవాణ్ణి బయటికి లాగారు.

"హిమజగారూ, మొదటి చోట్లోకి జరిగిన మిమ్మల్ని ఎవరైనా చూశారా?"

"ఎవరు చూడలే సార్."

"అదే మీ ప్రోగ్రాం జబ్బు. ఒకర్ని తీయగానే వెనకవాళ్ళు ముందుకొస్తారు. మీరు వాళ్ళని చూడకుండా దాటిపోతున్నారు. చివర్నుంచి రండి. అప్పుడు జరిగేవాళ్ళంతా మనం చూసేసినవాళ్ళే అవుతారు."

"అన్నా, గిది బోర్డు మీద రాసి చెప్పొచ్చు గద," అన్నాడు కమలాకర్ విసుగ్గా.

"బోర్డు మీద గీతలుంటాయండీ. మనుషులుండరు."

విశాలాక్షిగారి రూలు ఒకటుండేది. మూడుసార్లు మెసేజీ పంపినా జవాబివ్వనివాళ్ళని షీటులోంచి తీసెయ్యాలి. పోయినవాళ్ళని ఎలాగూ తీయాలి. నెలకోసారి ఆవిడ ఆ పేర్ల చీటీ పంపేది. ఆ రోజు త్రినాథరావుగారి మొహం చూడలేకపోయేవాళ్ళం. చీటీలో "మరణించారు" అని ఉన్నవాళ్ళని కూడా ఆయన వెంటనే తీసేవారు కాదు. ముందు ఫోన్ చేసి కనుక్కునేవారు.

"హలో, ఓదెలుగారి ఇల్లేనాండీ? ఓదెలుగారు కాలం చేశారని తెలిసింది. నిజమేనాండీ?"

ఫోను అవతల గొంతు మా గదంతా వినిపించింది. "ఎవడు చెప్పిండు? నేనే ఓదెలును! గీడ బోరబండల చాయ్ తాగుతున్న!"

"క్షమించండి. ఆరోగ్యం బావుందా?"

"మొన్నటి సినిమాల చచ్చిన సారూ. ముసలి రైతు వేషం. గది చూసి ఎవడో నిజమనుకున్నడు."

నిజంగానే పోయినవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. అప్పుడు త్రినాథరావుగారు లేచి నిలబడి, పేరు ఒక్కసారి పైకి చదివి, వరస తీసి, మళ్ళీ కూర్చునేవారు. కొత్తలో నవ్వుకునేదాన్ని. ఒకసారి అలా చదువుతున్నప్పుడు కింద థియేటర్లో ఏడుపు నడుస్తోంది. మా గదిలో ఎవరమూ నవ్వలేదు. తర్వాతెప్పుడూ నవ్వలేదు.

ఆయన అలా ఎందుకున్నారో ఒక మధ్యాహ్నం తెలిసింది. బయట వాన. ఇద్దరం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం.

"నేను ఇరవై ఆరేళ్ళు ఒక గవర్నమెంటు ఫ్యాక్టరీ కంప్యూటర్ డిపార్టుమెంటులో చేశానమ్మా," అన్నారు. "అది మూసేశారు. ఉద్యోగుల పేర్లన్నీ ఫైల్లోంచి తీసెయ్యమని ఆర్డరొచ్చింది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. మూడు వేల చిల్లర మంది. బటన్ నొక్కితే రెండు నిమిషాలు పట్టింది."

"మీ పేరు సార్?"

"అందులోనే ఉంది. త అక్షరం దగ్గర పోయుంటాను." పెరుగన్నం కలుపుకుంటూ అన్నారు. "అది అయ్యాక బయటికొస్తే గేటు దగ్గర వాచ్‌మన్, 'ఎవరు మీరు?' అన్నాడు. వేళాకోళానికే అన్నాడులెండి. వాడి పేరూ పోయింది పాపం."

ఆగస్టులో ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ పడింది. వారం సెలవు. వెళ్తూ వెళ్తూ నాతో, "నేనొచ్చేదాకా ఎవర్నీ తీయకండమ్మా," అన్నారు. సరేనన్నాను.

సోమవారం పొద్దున్నే విశాలాక్షిగారి ఫోను. "నూట పన్నెండు మంది పేర్లు పంపి పది రోజులైంది. ఆయన నాన్చుతూనే ఉన్నారు. ఒక్క మనిషి తక్కువైతే సెట్లో అందరి ముందూ నన్ను నిలబెట్టి తిడతారు తెలుసా? ఇవాళ తీస్తారా, వేరే కంపెనీని చూసుకోమంటారా?"

కమలాకర్ నా వైపు చూశాడు. "హిమజా, పది లైన్ల పని. జర చెయ్యరాదు?"

చేశాను. చివర్నుంచి మొదలుపెట్టి మరీ చేశాను. లైబ్రరీలో వరస తీసే ఫంక్షన్ని పిలిచాను. నూట పన్నెండూ ఎగిరిపోయాయి. ఒక్క ఎర్రరు రాలేదు. ఆయన నెలలు నాన్చే పనిని పావుగంటలో ముగించానని గర్వంగా టీ తాగాను.

సోమ, మంగళవారాలు చిన్న చిన్న సీన్లే. పదిమంది, పన్నెండు మంది చాలు. ఏమీ తెలియలేదు. బుధవారం జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో పెళ్ళి సీను. రెండొందల యాభై మంది చుట్టాలు కావాలి. వచ్చింది నలభై ముగ్గురు. వాళ్ళంతా పెళ్ళికొడుకు వైపు కూర్చుంటే పెళ్ళికూతురి వైపు కుర్చీలు ఖాళీ. డైరెక్టరు, "ఇది పెళ్ళా, సంతాప సభా?" అని అరిచి షూటింగ్ ఆపేశాడట. విశాలాక్షిగారు ఫోన్లో నన్ను తిట్టలేదు. "సాయంత్రం లోపల బాగవ్వకపోతే మీకూ నాకూ ఇంతే," అని పెట్టేసింది. అది తిట్టుకంటే ఘోరంగా ఉంది.

మధ్యాహ్నం ఒక ముసలావిడ మెట్లెక్కి వచ్చింది. తడిసిన చీర కొంగు పిండుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"నా పేరు అమ్మాజీ. నన్ను తీసేశారా తల్లీ?"

"లేదమ్మా, మిషన్‌ల ఏదో ప్రాబ్లం."

"ఇరవై ఏళ్ళ నుంచీ పెళ్ళిళ్ళలో అక్షింతలు వేస్తున్నాను. సోమవారం నుంచీ ఫోన్ రాలేదు. పెద్దదాన్నయిపోయానని తీసేశారేమో అనుకున్నాను."

"ఫోనేంది? మెసేజీ కదా వస్తది?"

"నాకు చదవడం రాదు కదమ్మా. త్రినాథరావు సారు రోజూ సాయంత్రం ఫోన్ చేసి చెప్తారుగా. ఎక్కడికి రావాలి, ఏ చీర కట్టుకోవాలి, అన్నీ."

నాకు ఆ ముక్క తెలియదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, తప్పనిసరై ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆయన కంటికి కట్టుతో పడుకుని ఉన్నారు.

"సార్, ప్రోగ్రాం ఆగిపోతుంది. ఎర్రర్ రాలే. ఊర్కె ఆగుతుంది."

"ఎవరి దగ్గరమ్మా?"

"అరవై దగ్గర. బాలనర్సయ్యగారు."

"ఆయన తర్వాత అరవై ఒకటో వరసలో ఓదెలుగారు ఉండాలి. ఉన్నారా?"

"లేరు సార్. ఖాళీగ ఉంది."

"తీశారా?" అన్నారు మెల్లిగా.

"తీసిన సార్."

"సరే. ఓదెలుగారు లేకపోతే ఆ చోట్లోకి పోచమ్మగారు రావాలి. ఆవిడ ఎక్కడున్నారు?"

"అరవై రెండులనే ఉన్నరు."

"అదన్నమాట. కంగారు పడకండి. ఈ లైబ్రరీకి ఒక పాడలవాటుంది. తీసెయ్యమంటే మనిషిని లేపుతుంది గానీ కుర్చీ తీయదు, వెనకవాళ్ళని ముందుకి జరగమనదు. అది మనం విడిగా చెప్పాలి. మన ప్రోగ్రాం ఖాళీ కుర్చీ కనపడగానే జనం అయిపోయారనుకుని వెనక్కి వచ్చేస్తోంది. కింద పదిహేడు వందల మంది కూర్చునే ఉన్నారు పాపం, పిలుపు కోసం."

షీటు చూడకుండా, కళ్ళు మూసుకుని, పేర్లతోనే జబ్బు పట్టేశారు.

"శనివారం కాపీ ఉంది. అది పెట్టుకుని, నేను రాసిన డిలీట్ ఫంక్షన్ వాడండి. ఓదెలుగారు కూతురి కాన్పుకని ఊరెళ్ళారమ్మా. చెప్పే వెళ్ళారు," అన్నారు. వెనక నర్సు, "పెద్దాయనా, తల కదపొద్దన్నానా!" అని కసురుతుండగా ఫోన్ తెగింది.

ఆయన డిలీట్ ఫంక్షన్ తెరిచాను. అందులో డిలీట్ చేసే లైనే లేదు.

ఆ ఫంక్షన్ వరసని గడి గడిగా ఎత్తి, పైకి కనిపించని ఇంకో షీటులో పెడుతోంది. ఆ తర్వాతే కిందివాళ్ళని ఒక మెట్టు పైకి జరుపుతోంది. దాచిన ఆ షీటు తెరిచాను. పేరు "సెలవులో ఉన్నవారు". విశాలాక్షిగారు ఇన్ని నెలలుగా తీయించినవాళ్ళంతా అక్కడున్నారు. ప్రతి పేరు పక్కనా ఆయన చేత్తో కొట్టిన మాటలు.

"ఫోను నూతిలో పడింది. ఇంటికి వెళ్ళి కొత్త నెంబరు తెచ్చాను. తిరిగి చేర్చాను."

"మోతీనగర్‌లో మెట్ల మీద పడ్డారు. దసరాదాకా కూర్చునే వేషాలు మాత్రమే."

"చదవడం రాదు. మెసేజీ వద్దు. ఫోన్ చేయాలి." ఈ మాట ముప్పై నాలుగు పేర్ల పక్కన ఉంది. అందులో అమ్మాజీ ఒకరు.

"భర్త పోయారు. నెలదాకా ఏడుపు సీన్లకి పిలవొద్దు. మొన్న నిజంగా ఏడ్చేశారు, కట్ చెప్పినా ఆగలేదు."

ఆ చివరిది చదివి నేను కాసేపు కీబోర్డు ముట్టుకోలేదు.

శనివారం కాపీ పెట్టి, ఈసారి ఎవర్నీ తీయకుండానే ప్రోగ్రాం నడిపాను. ఈసారి చివరి పేరు దాకా వెళ్ళింది. విశాలాక్షిగారు మర్నాటికి మళ్ళీ పెళ్ళి పెట్టించుకుంది. మెసేజీలు పోయాయి గానీ, చదవడం రాని ముప్పై నాలుగు మందికి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. అమ్మాజీకి అక్కడే చెప్పి పంపించాను. మిగతా పేర్లు కాగితం మీద రాసుకుని, ఇంటికెళ్ళి మా బాల్కనీలో కూర్చున్నాను.

"నమస్తే అమ్మా. రేపు పొద్దుగాల ఆరింటికి రావాలె. పట్టుచీర కట్టుకొని రాండ్రి."

నాలుగో ఫోనుకి మా అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "ఎవరి పెండ్లే?"

"నాకు తెల్వదమ్మా."

"తెల్వని పెండ్లికి ఇంతమందిని పిలుస్తున్నవా?"

"ఉత్త పెండ్లేనమ్మా. నిజంది కాదు."

అమ్మ కుర్చీలో కూలబడింది. ఇంతలో ఇంకో నెంబరు కలిసింది. "మీరు మాత్రం తెల్లచీర కట్టుకోవాలె. మీది పెండ్లి కాదు, పక్కన ఆసుపత్రి సీను," అన్నాను. అమ్మ లేచి, సాఫ్ట్‌వేర్ అంటే ఇదేనా అని నాన్నని అడగడానికి లోపలికి వెళ్ళింది.

పెళ్ళి బాగానే జరిగిందట. తర్వాతి సోమవారం త్రినాథరావుగారు నల్ల కళ్ళద్దాలతో వచ్చారు. నేను క్షమాపణ మొదలుపెడితే, "ముందు పోచమ్మగారు ఎలా ఉన్నారో చెప్పండి," అన్నారు. అరవై రెండులోనే ఉన్నారని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

పదకొండింటికి విశాలాక్షిగారే వచ్చేసింది. ఆవిడ మా మెట్లెక్కడం అదే మొదటిసారి.

"బుధవారం తప్పు ఎవరిది?"

"ప్రోగ్రాం నాదేనండీ," అన్నారు త్రినాథరావుగారు.

"కాదు మేడం. నేనే చేసిన. సార్ వద్దన్నా చేసిన," అన్నాను. కమలాకర్ తల పట్టుకున్నాడు.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే. మరి ఆ నూట పన్నెండు మందినీ తీశారా లేదా?"

త్రినాథరావుగారు అబద్ధం వెతుక్కుంటున్నట్టు కనిపించారు. నల్లద్దాల వెనక కూడా తెలిసిపోతోంది. ఇంక లాభం లేదని, నేనే ఆ 'సెలవులో ఉన్నవారు' షీటు తెరిచి మానిటరు ఆవిడ వైపు తిప్పాను. కాంట్రాక్టు ఎలాగూ పోతోంది, చూసే పోనిమ్మనుకున్నాను.

ఆవిడ నిలబడే చదివింది. కిందికి జరపమని వేలితో సైగ చేసింది. ఒక పేజీ, రెండు, మూడు. మెట్ల మీద పడ్డావిడ దగ్గర ఒకసారి ఆగింది. కింద థియేటర్లో ఆ రోజు ఎవరూ చావలేదు గాబోలు, గదంతా నిశ్శబ్దంగా ఉంది. త్రినాథరావుగారు శిక్ష వినడానికి నిలబడ్డ మనిషిలా చేతులు కట్టుకున్నారు.

"వీళ్ళు జవాబివ్వకపోతే పొగరనుకున్నాను," అంది చివరికి, ఎవరితోనూ కాకుండా.

తర్వాత మానిటరు మీద ఒక పేరు దగ్గర గోరు పెట్టింది. "ఇది తప్పు రాశారు."

"ఏదండీ?" అన్నారాయన.

"అనసూయమ్మ. 'ఫోన్ చేయాలి' అని రాస్తే చాలదు. ఆవిడకి కుడి చెవి వినపడదు. ఎడమ చెవికి పెట్టుకోమని ముందు చెప్పాలి. లేకపోతే అన్నిటికీ సరే సరే అని పెట్టేస్తుంది. అది ఎక్కడ రాస్తారు?"

త్రినాథరావుగారి మొహం వెలిగింది. "చెవికి వేరే కాలమ్ పెట్టేద్దామండీ. ఫోన్ నెంబరు పక్కనే ఉంటే మంచిది."

"సార్, మధ్యల కాలమ్ పెట్టాలంటే మిగతావి పక్కకు జరపాలె," అన్నాను. "వరసలు జరుగుతయి గానీ, కాలమ్‌లు జరిపే ఫంక్షనే ఈ లైబ్రరీల లేదు."

విశాలాక్షిగారు హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"అయితే చివర్లో పెట్టమ్మా. ఇంకా చాలామంది గురించి చెప్పాలి. టైపు చెయ్యి."